మట్టి ముద్ద కట్టేదాకా

వాన గురించి మీకు కాలేజీలో నేర్పింది తప్పని నేననను. నైరుతి రుతుపవనాలు ఎటు నుంచి వస్తాయో, ఎప్పుడు వెనక్కి మళ్లుతాయో మీరంతా పరీక్షలో రాసే వచ్చుంటారు. నేనూ రాశాను, మంచి మార్కులే వేశారు. కానీ వ్యవసాయాధికారిగా మొదటిసారి ఒక చేను గట్టు మీద నిలబడ్డప్పుడు ఆ రైతు నన్ను అడిగింది వేరే ప్రశ్న. "గింజ పెట్టాల్నా మేడమ్, ఆగాల్నా?" అన్నాడు. ఉద్యోగం పొడుగునా నన్ను వెంటాడింది ఆ ప్రశ్నే.

ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను. అవి వచ్చినప్పుడు వచ్చాయి, రానప్పుడు రాలేదు. రెండువేల దశకంలో కొత్తగూడెం, భద్రాచలం మధ్య అడవి అంచున నేను పనిచేసిన రోజుల్లోంచి రెండు వానాకాలాల సంగతి మాత్రం చెబుతాను. ఇప్పుడు కొత్తగా చేరుతున్న విస్తరణాధికారులు వింటే మంచిది. వినకపోతే మీ రైతులే మీకు నేర్పుతారు, కాకపోతే ఫీజు వాళ్లు కడతారు.

అక్కడక్కడ జల్లులు

నేను రైతు ఇంటి పిల్లను కాను. కొత్తగూడెంలో గని కార్మికుల క్వార్టర్లలో పెరిగాను. మా నాన్న భూమి లోపల పనిచేసేవాడు. పైన వాన పడిందో లేదో డ్యూటీ దిగి పైకొచ్చాకే ఆయనకు తెలిసేది. వాన వస్తే మా అమ్మకు దండెం మీది బట్టలు గుర్తొచ్చేవి, మాకు బడి ఎగ్గొట్టడం గుర్తొచ్చేది. వాన కోసం అన్నం సయించక ఆకాశం చూస్తూ కూర్చునే మనుషులుంటారని నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

మొదటి పోస్టింగు తిరుమలాయపాలెం వైపు. అడవి వైపుతో పోలిస్తే అక్కడ వాన తక్కువ. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దసారు ఒకాయన అక్కడ నాకు పై అధికారి. కుర్చీలో కూర్చుని వాన గురించి మాట్లాడితే ఆయనకు ఒళ్లు మండేది. "చెప్పులిడిచి చేన్లకు దిగమ్మా. దిగినంక మాట్లాడు" అనేవారు. ముద్ద పరీక్ష నాకు నేర్పింది ఆయనే. జానెడు లోతు తవ్వి, అడుగున ఉన్న మట్టి తీసి, పిడికిట్లో గట్టిగా నొక్కి వేళ్లు తెరవాలి. పొడిపొడిగా రాలిపోతే తడి లేదు, గింజ పెట్టొద్దు. అరచేతికి బంకలా అంటుకుంటే తడి మరీ ఎక్కువ, అరక కట్టొద్దు. చేతికి అంటకుండా ముద్దగా నిలబడితే అదే పదును, ఆ రోజు గింజ పెట్టాలి. ఇంతే పరీక్ష. దీనికి కరెంటు అక్కర్లేదు, బడ్జెట్టు అక్కర్లేదు. అందుకేనేమో మా డిపార్టుమెంటులో దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పారు. మే చివర, జూన్ మొదట్లో మన దగ్గర పడేది చాలాసార్లు ఉరుముల వాన. మధ్యాహ్నం దాకా ఎండ మాడుస్తుంది, సాయంత్రానికి మబ్బు కమ్ముకొస్తుంది, గాలి లేస్తుంది, రేకులు ఎగురుతాయి, కాసేపు కుమ్మరించి పోతుంది. మర్నాడు మళ్లీ అదే ఎండ. వాగుకు ఇవతల పడ్డది అవతల పడదు. అసలు వాన వచ్చేటప్పుడు ఇంత గోల చేయదు. గాలి పడమటి నుంచి ఒకే తీరున వీస్తుంది. ఆకాశం పొద్దంతా బూడిద రంగులో ఉంటుంది, ఉరుము తగ్గుతుంది, వేడి విరుగుతుంది, వాన సన్నగా మొదలై రోజుల తరబడి వదలదు. ఈ రెండింటికీ తేడా చూడకుండా విత్తనం వేయమని చెప్పే అధికారి ఇంట్లో పడుకుంటే రైతుకు ఎక్కువ మేలు.

అప్పట్లో రేడియోలో వార్తల చివర వాతావరణం చెప్పేవారు. తెలంగాణలో అక్కడక్కడ జల్లులు పడవచ్చు, అంతే. గట్టు మీద కూర్చుని వినే రైతులు నవ్వేవారు. "ఆ అక్కడక్కడ ఏడనో జర చెప్పమనుండ్రి మేడమ్, ఎడ్లు గట్టుకొని ఆడికే పోతం" అనేవారు. నాకూ నవ్వొచ్చేది. కానీ వాళ్లడిగినదాంట్లో తప్పేముంది? జిల్లాకంతటికీ చెప్పిన మాట ఒక చేనుకు సరిపోదు. ఆ మాటను తీసుకెళ్లి ఈ చేనులో పరీక్ష పెట్టడానికే మనకు జీతం ఇస్తున్నారు.

ప్రార్థన చేసిన విత్తనం

తర్వాత నన్ను అడవి అంచు మండలానికి వేశారు. అక్కడ వాన ఎక్కువే, కానీ దాని లెక్కలు వేరు. నా పరిధిలో వాగు ఒడ్డున ఒక చిన్న ఊరు ఉండేది. పేరు రాయను. ఎక్కువగా క్రైస్తవ కుటుంబాలు. కొందరు కూలి, కొందరు కౌలు సేద్యం. ఊరి మధ్య రేకుల కప్పు చర్చి. బయట వేపకొమ్మకు ఒక రైలు పట్టా ముక్క వేలాడుతుండేది, అదే గంట. యేసోబు అయ్యగారు పాస్టరు. చుట్టుపక్కల ఐదారు ఊళ్లకు ఆయనొక్కరే కాబట్టి ఇక్కడికి ఆదివారం మాత్రమే సైకిల్ మీద వచ్చేవారు. మిగతా రోజుల్లో ఆయన ఎక్కడుంటారో సైకిల్‌కే తెలియాలి.

వాగు ఎగువన కోయగూడెం ఉంది. వాళ్లు భూమి పండుగ చేసుకునేదాకా విత్తనం ముట్టరు. ఈ ఊరికి ఇంకో కట్టుబాటు. తొలకరి పడగానే అయ్యగారు ఒక ఆదివారాన్ని విత్తనాల ప్రార్థనకు ప్రకటిస్తారు. ప్రతి ఇంటివాళ్లూ విత్తనం మూట తెచ్చి చర్చిలో ప్రభువు బల్ల ముందు పెడతారు. ప్రార్థన అవుతుంది. ఆ విత్తనం ఇక ఇంటి గడప దాటి లోపలికి పోకూడదు. ఆ రాత్రికి అరుగు మీద ఉంచి, సోమవారం పొద్దున్నే నేరుగా చేనుకు తీసుకుపోవాలి. ప్రార్థన కాని విత్తనం నేలలో పెట్టకూడదు. నేనూ చర్చికి పోయే ఇంట్లో పుట్టినదాన్నే, కానీ మా క్వార్టర్లలో చేన్లు లేవు కాబట్టి ఈ కట్టు నాకు కొత్త. ఆకలి రోజుల్లో విత్తనపు జొన్నలు వండుకు తినేయకుండా పెద్దలు పెట్టుకున్న నియమం అయ్యుంటుందని నా ఊహ. ఇప్పుడు పత్తి గింజ మందు పూసి ప్యాకెట్లో వస్తోంది, ఎవరూ వండుకోరు. నియమం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ ఊళ్లో కరుణమ్మ అనే ఆమె వాగు ఒడ్డున నల్లరేగడి చేను కౌలుకు చేసేది. భర్త కొత్తగూడెంలో బొగ్గు లారీల మీద పని, వీలు దొరికినప్పుడు వచ్చిపోయేవాడు. సేద్యమంతా ఆమె, ఆమె అత్త. మాట సూటిగా ఉండేది. నచ్చకపోతే ముఖం మీదే అనేసేది. చేను యజమాని కొత్తగూడెంలో ఉద్యోగి. ఆయన బావమరిది చాలా రోజులుగా ఆ చేనులో కాగితం మిల్లుకు పోయే జామాయిలు తోట పెట్టించాలని చూస్తున్నాడు. జామాయిలు మొక్క నాటితే వాన కోసం ఎవరి ముఖమూ చూడక్కర్లేదు, కౌలుదారు గొడవ ఉండదు. ఒక్క పంట చెడితే చాలు, కరుణమ్మ చేతిలోంచి ఆ చేను పోతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు, ఊరంతటికీ తెలుసు.

పైగా ఆ రోజుల్లో కొత్త పత్తి విత్తనం ప్యాకెట్ల కోసం దుకాణాల ముందు తెల్లారకముందే చెప్పులు వరసలో పెట్టేవారు. ఒకసారి దొరికితే దొరికినట్టు. పెట్టిన గింజ ఎండిపోతే మళ్లీ పెట్టడానికి ప్యాకెట్ దొరకదు.

ఆగిన ఏడాది

మొదటి ఏడాది జూన్ మొదట్లోనే ఒక ఉరుముల వాన పడింది. అయ్యగారు ప్రార్థన ప్రకటించబోతున్నారని విని నేను ముందే వెళ్లి కలిశాను.

"అయ్యగారూ, ఇది అసలు వాన కాదు. చేన్లో అడుగున పొడిగానే ఉంది. ఇంకో వారం ఆపండి."

ఆయన కాసేపు గడ్డం నిమురుకున్నారు. "జనం నన్ను అడుగుతరమ్మా. ఏం చెప్పాలె?"

"నా పేరు చెప్పండి."

"సరే. ఆపుత. మాట మాత్రం నీదే" అన్నారు.

ఆపారు. వాగు అవతలి ఊరివాళ్లు మాత్రం ఆ తడికే గింజ పెట్టేశారు. ఇవతల మావాళ్లు గట్టు మీద నిలబడి చూశారు. తర్వాతి మంగళవారం రాత్రి మంచి వాన పడింది. బుధవారం నేను మోపెడ్ వేసుకుని వెళ్లి కరుణమ్మ చేనులో తవ్వి చూశాను. ముద్ద కట్టింది.

"అక్కా, ఇయ్యాలే పెట్టేయ్. ఇంతకంటే మంచి పదును రాదు" అన్నాను.

ఆమె మూట వైపు చూసింది. "ప్రార్థన గాలేదు గద మేడమ్."

"అయ్యగారిని పిలిపిద్దాం."

"ఏ ఊర్ల ఉన్నరో ఎవలకు ఎర్క? ఆదివారం వస్తరు. నాలుగు రోజులే గద, తడి ఏడికి పోతది?"

తడి ఎక్కడికీ పోలేదు. అదే వచ్చిన చిక్కు. శుక్రవారం ముసురు పట్టింది. ఆదివారం గొడుగులు వేసుకుని వచ్చి విత్తనాలకు ప్రార్థన చేసుకున్నారు. సోమవారం నల్లరేగట్లో ఎడ్లు మోకాళ్ల దాకా దిగబడ్డాయి. ముసురు వదిలి, నేల ఆరి, అరక నడిచేసరికి జూలై సగం దాటిపోయింది. అవతలి ఊరి పత్తి అప్పటికి బెత్తెడు ఎత్తు మొక్క. మాది ఇంకా ప్యాకెట్లో ఉంది. ఆలస్యంగా పెట్టిన పత్తి కాయ పట్టే వేళకు వాన వెనక్కి మళ్లింది, నేలలో తడి అయిపోయింది. కాయలు చిన్నవై, సరిగ్గా విచ్చుకోలేదు.

కరుణమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది. యజమాని వచ్చి ఇంకొక్క ఏడు చూస్తానని చెప్పి వెళ్లాడు.

దీన్ని గురించి చాలా ఆలోచించాను, ఇప్పటికీ ఒకే చోటికి వస్తాను. ఆగమని నేను చెప్పింది సరైన మాట. బుధవారం పెట్టమన్నదీ సరైన మాటే. రెండు సరైన మాటలు చెప్పినా ఆమె చేను చెడింది. తడి లేని నేలలో పెట్టిన అవతలివాళ్లకు ఆ ఏడు కలిసొచ్చింది. మన సలహా బాగుందంటే పంట బాగుంటుందని అర్థం కాదు. ఇది మింగుడుపడనివాళ్లు వేరే డిపార్టుమెంటు చూసుకోవడం మంచిది, ఎందుకంటే ఒక్కసారి దెబ్బ తగలగానే వాళ్లు సలహా చెప్పడం మానేసి కాగితాలు చదివి వినిపించడం మొదలుపెడతారు. అలాంటివాళ్లను చాలామందిని చూశాను.

ఏడీ గారి ఫోను

మరుసటి ఏడాది జూన్ మొదట్లో మళ్లీ ఉరుముల వాన. మండలాఫీసులో ఫోను మోగింది. మా ఏడీ గారు, అంటే నాలుగైదు మండలాలకు పైనుండే సహాయ సంచాలకులు. మంచి మనిషే, ఎవరి పొట్టా కొట్టేవాడు కాదు. కాకపోతే ఆయన దృష్టిలో వానాకాలం అంటే ఎన్ని ఎకరాల్లో విత్తారన్న అంకె. అది వారం వారం పెరగాలి.

"పక్క మండలం సగం అయిపోయిందమ్మా. నీది ఇంకా కదలలేదేంది?"

"వాన పడలేదు సార్."

"పేపర్ల వచ్చింది గదా పడ్డదని."

"పేపర్లో పడ్డది సార్, చేన్లో జానెడు లోతుకు దిగలేదు."

"మరి నేను పైకి ఏం చెప్పాలె?"

"తడి లేదని చెప్పండి సార్."

ఆయన ఫోను పెట్టేసిన చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. అంకె కోసం విత్తించొచ్చు, కానీ ఎండిన మొలకను లెక్కపెట్టడానికి ఎవరూ ఫోను చేయరు. పై అధికారి తిడితే ఒక పూట బాధ. దులుపుకోవడం నేర్చుకోండి.

అదే సాయంత్రం ఇంకో కబురు వచ్చింది. నిరుడు ఆగి దెబ్బతిన్నామని, ఈసారి ఆలస్యం చేయొద్దని ఊరి పెద్దలు అయ్యగారిని పట్టుబట్టారట. రేపు ఆదివారమే విత్తనాల ప్రార్థన.

బల్ల ముందు మూటలు

నేను చేరేసరికి ఆరాధన అయిపోవచ్చింది. బల్ల ముందు విత్తనం మూటలు, ప్యాకెట్లు బారుగా ఉన్నాయి. ప్రార్థన అయిపోయింది. ఇక మిగిలింది రేపు పొద్దున చేనుకు పోవడమే. అయ్యగారు నన్ను చూసి ఏమన్నా చెబుతావా అన్నట్టు తలూపారు. నేను లేచి నిలబడ్డాను.

"పోయినేడు ఏం చెప్పానో ఇప్పుడూ అదే చెప్తున్నా. ఇది ఉరుముల వాన. కింద పొడి ఉంది. రేపు పెట్టొద్దు."

గుసగుస మొదలైంది. వెనక వరసలోంచి ఒకాయన, "పోయినేడు నీ మాట ఇనే గద మేడమ్ గిట్లయింది" అన్నాడు. నేను కూర్చోలేదు.

కరుణమ్మ లేచింది. "ఈ వాన పోతదని రాసిస్తరా మేడమ్?"

"రాసివ్వను అక్కా. ఎవరూ రాసివ్వలేరు. కానీ ఎక్కువ ఏండ్లు చూస్తే, ఇట్లాంటి వాన తర్వాత బెట్ట పట్టింది. మొలక వచ్చి మాడిపోయింది."

"ఎక్కువ ఏండ్లు" అందామె నెమ్మదిగా. కోపంలో మీరు కాస్తా నువ్వయింది. "ఎక్కువ ఏండ్లు నాకు కౌలు ఇప్పిస్తవా? నీకు పదేండ్లల్ల ఆరేండ్లు నిజమైతే నీ మాట నిలవడ్డట్టే. నాకున్నది ఈ ఒక్క ఏడు. గిది చెడితే ఆ చేన్ల జామాయిలే."

వాన శాస్త్రమంతా ఎక్కువ ఏళ్ల మీద నిలబడి ఉంటుంది, రైతు ఒక్క ఏడు మీద నిలబడి ఉంటాడు. ఆ రోజు నేను చేయగలిగింది ఒకటే.

"నడువక్కా, నీ చేనుకే పోదాం. నేను తవ్వను. నువ్వే తవ్వు" అన్నాను.

సగం చర్చి మా వెనకే వచ్చింది. కరుణమ్మ గడ్డపారతో తవ్వింది. పైన నల్లగా తడి మట్టి. మూడు వేళ్ల లోతు దాటగానే బూడిద రంగు. జానెడు లోతు నుంచి పిడికెడు తీసి నొక్కి, వేళ్లు తెరిచింది. మట్టి వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది. ఇంకోచోట తవ్వింది. అదీ అంతే.

"గింజ పెడితే పై తడికి మొలుస్తది. కింద తాగడానికి ఏం లేదు" అన్నాను.

ఆమె చేయి దులుపుకుంది. "అవ్, కనవడుతనే ఉంది. గని ప్రార్థనైన ఇత్తనం ఇంట్లకు తీస్కపోవద్దాయె. చేన్ల పెట్టొద్దని మీరంటిరి. ఇగ ఏడ పెట్టాలె?"

తిరిగి చర్చి దగ్గరికి వచ్చాం. ఆమె బల్ల ముందుకు వెళ్లి తన మూట మీద చేయి వేసి నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి అయ్యగారితో అంది, "ఇంటికి తీస్కపోవద్దన్నరు గని, ఈడ ఉంచొద్దని ఎవలన్నా అన్నరా అయ్యగారూ?"

"ఎవలు అనలేదు" అన్నారాయన.

"అయితే ఈడనే ఉండనియ్యుండ్రి. ముద్ద కట్టిన్నాడు తీస్కపోత. సోమారమైనా సరే, గురువారమైనా సరే. ప్రార్థన అయితే అయిపాయె గద, మల్ల ఆదివారం దాక ఆగే పని లేదు."

నాకు అప్పుడు వెలిగింది. ఆ ఊరిని ముంచేవి రెండు సంగతులు. తడి లేనప్పుడు ఈ ఏటిలా తొందరపడడం, తడి వచ్చినప్పుడు నిరుటిలా ఆదివారం కోసం ఆగడం. ఆమె ఒక్క మాటతో రెండూ విప్పేసింది. ప్రార్థన ముందే అయిపోతుంది, గింజ మాత్రం నేల పిలిచిన రోజు కదులుతుంది. కట్టు చెడలేదు, పదును తప్పిపోదు.

అయ్యగారు జేబులోంచి చర్చి తాళంచెవి తీశారు. "నేను ఆదివారం తప్ప ఉండ. మరి ఇది నీ దగ్గరుండాలె" అని కరుణమ్మ చేతిలో పెట్టారు. ఊళ్లో సగం మంది తమ మూటలు అక్కడే వదిలేశారు. మిగతావాళ్లు తీసుకుపోయి మర్నాడే పెట్టేశారు. వాళ్లను నేను తప్పు పట్టను. నిరుడు ఆగి దెబ్బతిన్నవాళ్లు వాళ్లు.

బీడు

తర్వాత వచ్చినవి నా ఉద్యోగంలోకెల్లా పొడుగైన రోజులు. ఆకాశం శుభ్రంగా తుడిచేసినట్టుంది. పెట్టినవాళ్ల చేన్లలో మొలక వచ్చింది, జంట ఆకులు విచ్చుకున్నాయి. నన్ను చూసి ఒకరిద్దరు నవ్వారు. వారం తిరిగేసరికి ఆకులు వాలాయి, ఆ తర్వాత మాడాయి. తర్వాతి వానకు వేసుకోవడానికి వాళ్లకు పెసర విత్తనం సంపాదించే పనిలో తిరిగాను. మీ మాట వినకుండా చెడిన రైతు దగ్గరికి ముందు పోవాలి. "నేను చెప్పలేదా" అన్న మాట మింగేసి పోవాలి. అది మింగడం చేతకాకపోతే ఆ రైతు మళ్లీ మీ ముఖం చూడడు.

కరుణమ్మ ప్రతి ఆదివారం చేనులోంచి పిడికెడు మట్టి తెచ్చి చర్చి మెట్టు మీద నొక్కి చూసేది. రాలిపోయేది. దాన్ని కొంగుతో ఊడ్చేసి లోపలికి పోయి కూర్చునేది. వాళ్లత్త మాత్రం నన్ను చూసినప్పుడల్లా, "ఏంది బిడ్డా, చేను గిట్ల బోడిగ పెట్టిచ్చినవ్" అని అడిగేది. ఆమెకు నేనేం చెప్పినా సగమే వినిపించేది, ఆ సగమూ ఆమెకు నచ్చేది కాదు.

ఒక రోజు నేను చేను గట్టున ఉండగానే యజమాని వచ్చాడు, వెంట బావమరిది. ఇద్దరూ స్కూటర్ దిగకుండానే చేను చూశారు.

"మేడమ్, పక్క చేన్లన్నీ పెట్టిన్రు. మాదొక్కటే బీడు వడ్డది. ఆమెతోని గాదంటే చెప్పుండ్రి, మేం జామాయిలు పెట్టుకుంటం" అన్నాడు యజమాని.

కరుణమ్మ పక్కనే ఉంది. నేను గట్టు దాటి పక్క చేనులోకి వెళ్లి, ఒక ఎండు మొలకను వేరుతో సహా పీకి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"ఇది పెట్టిన చేను సార్. మీ చేను గింజ బతికే ఉంది. చర్చిలో ఉంది."

బావమరిది నవ్వాడు. "గింజ చర్చిల ఉంటె పత్తి చేన్ల కాస్తదా?"

యజమాని నవ్వలేదు. మొలకను వేళ్ల మధ్య నలిపి చూశాడు. "నెలాఖరు దాక ఆగుత. గప్పటికి పచ్చగ కనవడకపోతే నా దారి నేను చూసుకుంట" అని స్కూటర్ తిప్పాడు.

నాకు భయమేసింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. అయినా మర్నాడు ఏడీ గారి ఫోను వస్తే మళ్లీ అదే చెప్పాను. "తడి లేదు సార్." మాట మార్చుకోవడం తేలికే. కానీ నేల మారకుండా నేను మారితే ఆ ఊళ్లో ఇక ఎవరూ చేను తవ్వి చూడరు, నా ముఖం చూసి విత్తుతారు.

గంట

నెలాఖరుకు ఇంకా పది రోజులుందనగా ఒక మంగళవారం పొద్దున లేచేసరికి గాలి మారింది. పడమటి గాలి, చల్లగా, ఒకే తీరున. ఆకాశం బూడిద రంగులో కిందికి దిగింది. ఉరుము లేదు. సన్నగా మొదలై పొద్దంతా కురిసింది, బుధవారమూ కురిసింది. గురువారం పొద్దున కాస్త తెరిపి ఇచ్చింది. నేను ఆఫీసు సంతకం కూడా పెట్టకుండా మోపెడ్ తీశాను. నా మనసులో ఒకటే గాబరా. మళ్లీ ముసురు పట్టేలోపే గింజ పడాలి. ఇంకో రోజు కురిస్తే నేల బంకైపోతుంది, నిరుటి కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఊరి మలుపు దగ్గర ఉండగానే గంట వినిపించింది. రైలు పట్టా ముక్క మీద సుత్తి దెబ్బలు, ఆగకుండా. ఆ ఊళ్లో ఆదివారం కాని రోజు గంట మోగితే ఒకటే అర్థం, ఎవరో చనిపోయారని. కరుణమ్మ అత్తే గుర్తొచ్చింది నాకు. చేన్లలో పనికి పోయినవాళ్లు, వాకిళ్లలో ఉన్నవాళ్లు అంతా చర్చి వైపు పరుగెత్తుతున్నారు. ఒకామె పిండి చేతులతోనే వస్తోంది.

వేపకొమ్మ కింద కరుణమ్మ నిలబడి ఉంది. కుడిచేతిలో సుత్తి. చీర మోకాళ్ల దాకా తడి. ఆమె అత్త చర్చి మెట్టు మీద నిక్షేపంగా కూర్చుని ఉంది.

"ఎవలు పోయిన్రే కరుణా?" అని అడిగింది ఒక ముసలామె ఆయాసంతో.

"ఎవలు పోలే పెద్దమ్మా" అంది కరుణమ్మ. ఎడమచేయి ముందుకు చాపి పిడికిలి తెరిచింది. నల్లని మట్టి, వేళ్ల గుర్తులు పడి, గుండ్రంగా నిలబడి ఉంది. "ముద్ద కట్టింది."

ఎవరో నవ్వారు, ఎవరో తిట్టారు, అంతా కలిసి తలుపు దగ్గరికి తోసుకొచ్చారు. ఆమె నడుము దగ్గర దోపుకున్న తాళంచెవి తీసి తలుపు తెరిచింది. మూటలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. కరుణమ్మ నా దగ్గరికొచ్చి ఆ ముద్దను నా చేతిలో పెట్టింది. నొక్కి చూశాను. సరైన పదును. చెప్పులు విడిచి ఆమె వెనకే చేనులోకి దిగాను. వరసల కోసం ఎడ్లతో అచ్చు తోలిన గీతల మీద ఆమె ఒక వరస, అత్త ఒక వరస, నేను ఒక వరస గింజ పెట్టుకుంటూ పోయాం. నా వరస వంకర పోయిందని అత్త చీకటి పడేదాకా అంటూనే ఉంది. శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ ముసురు పట్టింది. అప్పటికి చర్చిలో ఒక్క మూట కూడా లేదు.

నెలాఖరుకు యజమాని వచ్చి చూసినప్పుడు చేను నిండా జంట ఆకులు. ఆయన గట్టు వెంట ఒక చుట్టు తిరిగి చూసి వెళ్లిపోయాడు. పత్తి ఏరే రోజుల్లో మళ్లీ వచ్చి, వచ్చే ఏడు కూడా నువ్వే చేసుకో అని కరుణమ్మకు చెప్పాడు. ఆ కబురు విని నేను వెళ్లేసరికి ఆమె ఒడి కట్టుకుని పత్తి ఏరుతోంది. నాకు కొంచెం గర్వంగానే ఉంది. ఎందుకు దాచాలి?

"చూసినవా అక్కా? నేను చెప్పలేదా, ఎక్కువ ఏండ్లు ఇట్లనే అవుతుందని" అన్నాను. ఇతర్లకు మింగమని చెప్పే మాట నా నోట్లోంచే జారింది.

ఆమె చేయి ఆపలేదు, తలెత్తలేదు. "ఎక్కువ ఏండ్లు మీ దగ్గరే పెట్టుకోండ్రి మేడమ్" అంది. "నాకు ఈ ఏడు దక్కింది."

గట్టు మీద ఉన్న ఇంకో ఒడి గుడ్డ తీసి నడుముకు కట్టుకుని, ఆమె పక్క వరసలో పత్తి ఏరడం మొదలుపెట్టాను.